స్వాంపర్ట్ డైరీ: 140 ఆటలు, 404 హెచ్‌పీ

పోకెమాన్ ఆటలో మూడో తరం ఓయూ పోటీల్లో (ఎక్కువగా వాడే జీవుల విభాగం) స్వాంపర్ట్ అనే జీవిని రక్షణకు వాడాలనుకునే వాళ్ల కోసం ఈ లెక్క రాస్తున్నాను. రూబీ, సఫైర్, ఎమరాల్డ్ నాటి నియమాలు. ఆడింది పోకెమాన్ షోడౌన్ సిమ్యులేటర్‌లో. మొదటి 30 ఆటల్లో 18 ఓడాక గానీ నేను పుస్తకం తీయలేదు. రీప్లేలు దాచుకున్నాను కాబట్టి వెనక్కి వెళ్లి ఆ 30 ఆటలకూ లెక్క రాయగలిగాను. సెట్ (జీవికి పెట్టే స్వభావం, పాయింట్లు, వస్తువు, దెబ్బల కూర్పు) మాత్రమే కావాలంటే దశ 4కి వెళ్లిపోండి. దశ 1, దశ 3 కూడా చదివితే మాత్రం నేను పోగొట్టుకున్న ఆటలు మీకు మిగులుతాయి.

పని జరిగిన చోటు అంతర్వేది దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీది పాక. రాత్రి కాపలా నాదే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరేటర్లు ఆగకుండా చూసుకోవాలి, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి. మధ్యలో దొరికే సమయంలో ఆడినవే ఇవన్నీ. రెండు ఆటలు నెట్ పోయి, టైమర్ అయిపోయి ఓడాను. వాటినీ ఓటముల్లోనే ఉంచాను.

సామగ్రి

1. ఫోన్, అందులో బ్రౌజర్.
2. డ్యామేజ్ కాలిక్యులేటర్. ముందుగా మూడో తరం ఎంచుకోవాలి. నేను రెండు రోజులు కొత్త తరం మీదే ఉంచి లెక్కలు వేశాను, అన్నీ తప్పు. మూడో తరంలో ఐస్ బీమ్ బలం 95, మీటియోర్ మాష్ 100, హిడెన్ పవర్ 70 దాకా ఉంటుంది. కొత్త తరాల్లో ఇవి తగ్గాయి. పైగా మూడో తరంలో ఒక దెబ్బ ఫిజికలా స్పెషలా అన్నది దాని టైపును బట్టే ఉంటుంది.
3. చెరువు లెక్కల పుస్తకం, వెనక పేజీలు. ముందు పేజీల్లో మేత, చెక్ ట్రేలు. వెనక పేజీల్లో నాలుగు గడులు: ఆట నంబరు, స్వాంపర్ట్‌ను ఎన్నిసార్లు దింపాను, దిగేటప్పుడు హెచ్‌పీ (ప్రాణం) ఎంత, చివరికి దేని చేతిలో పోయింది.

స్వాంపర్ట్ గురించి తెలియాల్సినంత

నీరు, నేల టైపులు. కరెంటు దెబ్బ అసలు తగలదు. ఇసుక తుఫానులో హెచ్‌పీ తగ్గదు. బలహీనత ఒక్క గడ్డి టైపే, కానీ అది నాలుగింతలు. బేస్ అంకెలు: హెచ్‌పీ 100, దాడి 110, రక్షణ 90, స్పెషల్ దాడి 85, స్పెషల్ రక్షణ 90, వేగం 60. హెచ్‌పీలో 252 ఈవీలు (జీవి అంకెలు పెంచడానికి మనం పంచే పాయింట్లు) పెడితే లెవెల్ 100లో 404 హెచ్‌పీ వస్తుంది. ఈ 404 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, డైరీ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఆటలో దీన్ని బురద చేప అంటారు. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలిన బురదలో మట్టగిడస ఎలా బతుకుతుందో చూసినవాళ్లకు దీని స్వభావం చెప్పక్కర్లేదు. తుఫాను రాబోతోందని రెక్కలతో పసిగట్టి, బండరాళ్లు పేర్చుకుని తనను కాపాడుకుంటుందని ఆటలోని పోకెడెక్స్‌లో ఉంది. గట్టు మీద పాకలో కూర్చుని ఆ వాక్యం చదివినప్పుడే దీన్ని వదలకూడదనుకున్నాను.

ఎర్త్‌క్వేక్ (నేల దెబ్బ), సర్ఫ్ (నీటి దెబ్బ), ఐస్ బీమ్ (మంచు దెబ్బ), రోర్ (ఎదుటి జీవిని తరిమేది), టాక్సిక్ (విషం ఎక్కించేది), ప్రొటెక్ట్ (ఒక టర్న్ దెబ్బలు తగలకుండా ఆపేది), కర్స్, రెస్ట్ (నిద్రపోయి ప్రాణం నింపుకునేది), స్లీప్ టాక్ (నిద్రలోనే దెబ్బ కొట్టేది), కౌంటర్, మిర్రర్ కోట్... ఇన్ని నేర్చుకుంటుంది. ఇన్ని చేయగలదు కాబట్టే నేను మొదట్లో దెబ్బతిన్నాను.

దశ 1: అన్నిటికీ ఒకటే (ఆటలు 1–30)

సెట్: రిలాక్స్‌డ్ స్వభావం (రక్షణ పెంచి వేగం తగ్గించేది), 252 హెచ్‌పీ, 252 రక్షణ, లెఫ్టోవర్స్ (టర్న్ టర్న్‌కూ కొంత హెచ్‌పీ నింపే వస్తువు). ఎర్త్‌క్వేక్, ఐస్ బీమ్, సర్ఫ్, రోర్. రక్షణ అంకె 306. టీమ్‌లో మిగతావి స్కార్మొరీ, బ్లిసీ, జాప్‌డోస్, టైరానిటార్, గెంగార్.

ఫలితం: 12 గెలుపు, 18 ఓటమి. 30 ఆటల్లో 25 ఆటల్లో స్వాంపర్ట్ పడిపోయింది.

పాలకొల్లులో ఉండే మా బావ, మేనత్త కొడుకు, నాకంటే ముందు నుంచి ఆడుతున్నాడు. నాలుగు రీప్లేలు చూసి ఫోన్ చేశాడు.

"ఏరా, అన్నిటికీ దాన్నే దింపుతున్నావేంటి? టైరానిటార్ వచ్చినా అదే, మెటాగ్రాస్ వచ్చినా అదే, స్నోర్‌లాక్స్ వచ్చినా అదే."

"తట్టుకుంటోంది కదా బావా."

"తట్టుకుంటోంది సరే. దిగినప్పుడల్లా ఎంత పోతోందో ఎప్పుడైనా రాశావా?"

రాయలేదు. ఆ రాత్రే పుస్తకం తిరగేసి వెనక నుంచి గీతలు కొట్టాను.

కొలతలు:

1. 30 ఆటల్లో స్వాంపర్ట్‌ను దింపింది 141 సార్లు. ఆటకు 4.7.
2. పడిపోయిన 25 సార్లలో 11 సార్లు స్పైక్స్ (దిగే జీవికి గుచ్చుకునేలా నేల మీద పరిచే ముళ్లు), విషం నెమ్మదిగా తినేశాక చిన్న దెబ్బకే పోయింది. 8 సార్లు హిడెన్ పవర్ గ్రాస్ (హిడెన్ పవర్ దెబ్బ టైపు జీవి జీవికీ మారుతుంది, ఇది గడ్డి టైపుది). మిగతా 6 సార్లు సూయికూన్ లాంటి వాటి స్పెషల్ దెబ్బలు.
3. స్పైక్స్ ఒక పొర మీద దిగితే 50 పోతుంది, రెండు పొరల మీద 67, మూడు పొరల మీద 101. లెఫ్టోవర్స్ ఒక టర్న్‌కు ఇచ్చేది 25. అంటే ఒక్క పొర మీద దిగిన నష్టం పూడాలంటే రెండు టర్న్‌లు నిలబడాలి.

17వ ఆట విడిగా రాస్తున్నాను, నాకు కళ్లు తెరిపించిన ఆట అది. అందులో స్వాంపర్ట్‌ను ఆరుసార్లు దింపాను. మొదటిసారి ముళ్లు లేవు. రెండోసారి ఒక పొర, మూడోసారి రెండు పొరలు, ఆ తర్వాత మూడుసార్లూ మూడు పొరలు. 50, 67, 101, 101, 101. కూడితే 420. దాని మొత్తం ప్రాణం 404. ఎదుటివాడి దెబ్బలేవీ కలపకముందే, కేవలం గుమ్మం దాటినందుకే దాని ప్రాణం కంటే ఎక్కువ పోయింది. లెఫ్టోవర్స్ మధ్యమధ్యలో నింపింది కాబట్టి ఆరోసారి దాకా వచ్చింది, అంతే.

ఆ ముళ్లు వేసింది ఎవరి ముందు? ఎక్కువసార్లు నా స్వాంపర్ట్ ముందే. ఎర్త్‌క్వేక్ స్కార్మొరీకి తగలదు, అది ఎగిరే టైపు. స్పెషల్ రక్షణలో ఏమీ పెట్టని స్కార్మొరీ మీద, దాని 334 హెచ్‌పీలో ఐస్ బీమ్ 80–95, సర్ఫ్ 120–142 తీస్తుంది. నేను రెండుసార్లు సర్ఫ్ కొట్టేలోపు అది రెండు పొరలు వేసి, మూడో టర్న్‌లో వెళ్లిపోయేది. నన్ను కాపాడుతోందనుకున్న జీవి ఎదుటివాడికి తీరిక ఇస్తోంది.

మొత్తం ఇప్పటికి: 30 ఆటలు, 12 గెలుపు, 18 ఓటమి.

దశ 2: రెస్ట్, స్లీప్ టాక్, కర్స్ (ఆటలు 31–50)

ప్రాణం పోతోంది కాబట్టి నింపుకునే దారి వెతికాను. ఎర్త్‌క్వేక్, కర్స్, రెస్ట్, స్లీప్ టాక్. ఈ దశ గురించి ఎక్కువ రాయను, మీరూ దీని మీద ఎక్కువ సమయం పెట్టకండి.

1. రెస్ట్ వేశాక రెండు టర్న్‌లు నిద్ర. స్లీప్ టాక్‌తో ఏ దెబ్బ పడుతుందో మన చేతిలో ఉండదు. స్కార్మొరీకి ఇంతకంటే మంచి తీరిక దొరకదు.
2. కర్స్ పెంచేది దాడి, ఫిజికల్ రక్షణ మాత్రమే. సూయికూన్ స్పెషల్ దాడి పెంచే కామ్ మైండ్ వేసుకుని సర్ఫ్ కొడితే ఆ పెంపు ఎందుకూ పనికిరాదు.
3. క్రిటికల్ దెబ్బ మనం పెంచుకున్న రక్షణను పట్టించుకోదు. 16లో ఒకటే కదా అనిపిస్తుంది. ఒక ఆటలో పది, పన్నెండు దెబ్బలు తినే పథకం వేసినప్పుడు ఆ ఒకటి దాదాపు సగం ఆటల్లో వస్తుంది. 38వ, 44వ, 47వ ఆటలు అలాగే పోయాయి.

ఈ సెట్ చెడ్డదని చెప్పను. దాని చుట్టూ వేరే టీమ్ కట్టాలి, నా టీమ్ అది కాదు.

మొత్తం ఇప్పటికి: 50 ఆటలు, 21 గెలుపు, 29 ఓటమి.

దశ 3: ఈవీలు ఒక్కొక్కటిగా (ఆటలు 51–66)

ఇక్కడ ఆడటం నాలుగు రోజులు ఆపేసి లెక్కలు వేశాను. మొత్తం ఈవీలు 510. లెవెల్ 100లో నాలుగు ఈవీలకు ఒక పాయింటు. 252, 252 అని రెండు చోట్ల కుమ్మరించడం సులువు. కానీ ఏ దెబ్బ తట్టుకోవడానికి ఎంత కావాలో తెలియకుండా పెట్టిన ఈవీ, కొలవకుండా చల్లిన మేత లాంటిది. తిన్నదెంతో, అడుక్కి పోయిందెంతో తెలియదు.

మొదటి ప్రశ్న: జాప్‌డోస్

దశ 1లో ఎనిమిదిసార్లు చంపింది హిడెన్ పవర్ గ్రాస్. కరెంటు తగలదని ధైర్యంగా దింపుతాం, అది గడ్డి దెబ్బతో కాచుకుని ఉంటుంది. మూడో తరంలో టీమ్ ముందుగా కనబడదు, ఏ జాప్‌డోస్ దగ్గర ఏ హిడెన్ పవర్ ఉందో అసలే కనబడదు.

స్పెషల్ దాడి నిండా పెట్టిన టిమిడ్ (వేగం పెంచే స్వభావం) జాప్‌డోస్ అంకె 348. 349 కాదు, ఎందుకంటే 70 బలం ఉన్న గడ్డి హిడెన్ పవర్ రావాలంటే స్పెషల్ దాడి ఐవీ (జీవికి పుట్టుకతో వచ్చే అంకె) 30కి దించుకోవాలి. నా స్వాంపర్ట్ స్పెషల్ రక్షణ 216. దెబ్బ 326 నుంచి 384.

అంటే నిండు ప్రాణంతో ఉంటే చావదు. నేను ఇన్నాళ్లూ చస్తుందనే అనుకున్నాను! చంపుతున్నది జాప్‌డోస్ ఒక్కటే కాదు, స్పైక్స్ కూడా. ఒక పొర మీద దిగితే 404లో 50 పోయి 354 మిగులుతుంది. ప్రతి దెబ్బా 16 యాదృచ్ఛిక అంకెల్లో ఒకటిగా పడుతుంది, వాటిలో 8 అంకెలు 354ను దాటుతాయి. సరిగ్గా సగం సార్లు చావు.

ఆ సగాన్ని సున్నా చేయడానికి ఎంత కావాలి? స్పెషల్ రక్షణను ఒక్కో పాయింటు పెంచుకుంటూ వెళ్లాను. 236 దగ్గర గరిష్ఠ దెబ్బ 352కి దిగింది. 354లో 352 పోతే 2 మిగులుతుంది. 216 నుంచి 236కి 20 పాయింట్లు, 80 ఈవీలు. ఆ 2 హెచ్‌పీ చూసినప్పుడు కలిగిన సంతోషం మాత్రం రాయకుండా ఉండలేను. పాకలో ఒక్కడినే ఉండి చప్పట్లు కొట్టాను.

మోడెస్ట్ (స్పెషల్ దాడి పెంచే స్వభావం) జాప్‌డోస్ సంగతి వేరు. పాత 216 మీద దాని దెబ్బ 357–420. ముళ్లు లేకపోయినా నాలుగింట ఒకసారి ఒక్క దెబ్బకే చంపగలదు. దాని కోసం ఇంకా ఈవీలు పెట్టలేదు, అన్నిటికీ సరిపడా లేవు.

రెండో ప్రశ్న: సాలమెన్స్

ఎదుటి సాలమెన్స్ హెచ్‌పీలో ఏమీ పెట్టకపోతే 331. నా ఐస్ బీమ్, స్పెషల్ దాడి 206తో, 289–340. 16 అంకెల్లో మూడింటికే చస్తుంది. ఎప్పుడూ చావాలంటే నా స్పెషల్ దాడి 236 కావాలి, అంటే 120 ఈవీలు. అప్పుడు కనిష్ఠం 333.

మూడో ప్రశ్నను అప్పుడు అడగలేదు. అదే తప్పు.

ఈ రెండూ పెట్టేశాను: 252 హెచ్‌పీ, 120 స్పెషల్ దాడి, 80 స్పెషల్ రక్షణ. రక్షణకు మిగిలింది 56. రక్షణ అంకె 306 నుంచి 253కి పడిపోయింది. కాగితం మీద అందంగా ఉంది. 16 ఆటల్లో 9 ఓడాను.

ఎందుకు ఓడానో పుస్తకంలోనే ఉంది. స్నోర్‌లాక్స్ బాడీ స్లామ్. దాడి నిండా పెట్టిన స్నోర్‌లాక్స్ కొడితే, పాత రక్షణ 306 మీద దెబ్బ 105–124. కొత్త 253 మీద 127–150. ముళ్ల మీద దిగి మూడు స్లామ్‌లు తినే లెక్క వేస్తే, చేతిలో ఉన్నది 354, మధ్యలో రెండుసార్లు లెఫ్టోవర్స్ 50, మొత్తం 404. దెబ్బలు 381 నుంచి 450. ఎక్కువసార్లు మూడో స్లామ్‌కు కూలిపోయేది. స్నోర్‌లాక్స్‌ను ఆపడం దాని అసలు పని, ఆ పని మానేసి సాలమెన్స్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

మొత్తం ఇప్పటికి: 66 ఆటలు, 28 గెలుపు, 38 ఓటమి.

దశ 4: రెండు పనులే (ఆటలు 67–106)

బావకు 253 సంగతి చెప్పాను. "ఏది వదులుకోవాలో తేల్చుకోరా. సాలమెన్స్‌ను చంపడానికి ఇంకొకరిని పెట్టుకోవచ్చు. స్నోర్‌లాక్స్ ముందు ఇంకెవర్ని నిలబెడతావు?" అన్నాడు. 120 స్పెషల్ దాడి ఈవీలు తీసి రక్షణలో కలిపాను.

చివరి సెట్, అడుగు తర్వాత అడుగు:

1. స్వభావం రిలాక్స్‌డ్. ఇంపిష్ పెట్టకండి. బావ స్నేహితుడొకరు నా సెట్ తీసుకుని ఇంపిష్ పెట్టాడు. స్పెషల్ దాడి 185కి పడిపోయింది, సాలమెన్స్ మీద ఐస్ బీమ్ గరిష్ఠంగా 308, ఎప్పటికీ ఒక్క దెబ్బకు చంపదు. రిలాక్స్‌డ్ తగ్గించేది వేగాన్ని. ఆ వేగం ఎలాగూ పెద్దగా అక్కరకు రాదు: ఈవీలేమీ పెట్టని టైరానిటార్ వేగం 158, స్వాంపర్ట్‌కు రిలాక్స్‌డ్ లేకపోయినా 156.
2. హెచ్‌పీ 252. మొత్తం 404.
3. రక్షణ 176. అంకె 286. స్నోర్‌లాక్స్ బాడీ స్లామ్ 113–133. ముళ్ల మీద దిగి మూడు గరిష్ఠ దెబ్బలు తిన్నా 399. చేతిలో 404. 5 మిగులుతుంది.
4. స్పెషల్ రక్షణ 80. అంకె 236. ముళ్ల మీద దిగి టిమిడ్ జాప్‌డోస్ గడ్డి దెబ్బ తిన్నా 2 మిగులుతుంది.
5. మొత్తం 508. మిగిలిన రెండు ఈవీలతో పాయింటు రాదు, వదిలేయండి.
6. వస్తువు లెఫ్టోవర్స్.

పై లెక్కల్లో క్రిటికల్ దెబ్బలు కలపలేదు. బాడీ స్లామ్‌తో పక్షవాతం రావడానికి 30 శాతం అవకాశం ఉంది, అదీ కలపలేదు.

తర్వాత టీమ్. స్వాంపర్ట్ ముందు ముళ్లు వేసే స్కార్మొరీని ఆపడం స్వాంపర్ట్ పని కాదని ఒప్పుకున్నాను. మాగ్నెటన్‌ను తెచ్చాను. దాని మాగ్నెట్ పుల్ వల్ల స్టీల్ టైపులు పారిపోలేవు. ఒకసారి స్కార్మొరీ ఎదురుగా మాగ్నెటన్ దిగితే ఇక ఆ ఆటలో ముళ్ల పొర పెరగదు. మాగ్నెటన్ మీదికి వచ్చే నేల దెబ్బలకు, నిప్పు దెబ్బలకు స్వాంపర్ట్ దిగుతుంది: నేల దెబ్బ మామూలుగా తగులుతుంది, నిప్పు సగమే. నా స్కార్మొరీ, బ్లిసీ, జాప్‌డోస్, గెంగార్ పోయాయి. సాలమెన్స్, జిరాచీ, స్నోర్‌లాక్స్ వచ్చాయి. టైరానిటార్ ఉండిపోయింది.

జిరాచీ ఎందుకంటే విష్. మూడో తరంలో విష్ నింపేది, అందుకునే జీవి గరిష్ఠ హెచ్‌పీలో సగం. స్వాంపర్ట్‌కు 202. దశ 2లో రెస్ట్ కోసం రెండు చోట్లు, రెండు టర్న్‌లు ఖర్చు పెట్టాను. ఇప్పుడు ఆ పని టీమ్‌లో ఇంకొకరు చేస్తారు.

టైరానిటార్ ఉండటం వల్ల ఇసుక తుఫాను ఉంటుంది. లెఫ్టోవర్స్ లేని సాలమెన్స్‌కు టర్న్‌కు 20 పోతుంది. ఒక్క టర్న్ ఇసుక తిన్నాక నా ఐస్ బీమ్‌తో 16లో 9 సార్లు చస్తుంది, రెండు టర్న్‌లు తిన్నాక 15 సార్లు. 120 ఈవీలతో కొనబోయినది ఇసుక దాదాపు ఊరికే ఇచ్చింది.

ఇక దెబ్బలు. ఎర్త్‌క్వేక్, ఐస్ బీమ్ అలాగే. సర్ఫ్ తీసేశాను, అది ఉన్నది స్కార్మొరీ కోసమే, ఆ పని మాగ్నెటన్‌ది. రోర్ తీయడానికి చాలా ఆలోచించాను. ఎదుటివైపు మన ముళ్లు ఉన్నప్పుడు రోర్‌కు బలం. నా టీమ్‌లో ముళ్లు వేసేవాళ్లు లేరు. దాని చోట టాక్సిక్. స్టీల్ టైపులకు విషం ఎక్కదు, వాటిని మాగ్నెటన్ చూసుకుంటుంది. గురి 85 శాతమే, తప్పినప్పుడు టెన్షన్ పడక తప్పదు.

నాలుగోది ప్రొటెక్ట్. దీన్ని నేను చాలా ఆలస్యంగా నమ్మాను. ఇది చేసేవి మూడు:

1. ఎదుటివాడికి విషం ఎక్కుతుంటే, మనకు 25 వస్తూ ఒక టర్న్ గడుస్తుంది.
2. చాయిస్ బ్యాండ్ (బలం పెంచి ఒకే దెబ్బకు కట్టేసే వస్తువు) కట్టుకున్న జీవి ఏ దెబ్బకు కట్టుబడిందో తెలుస్తుంది.
3. ఎక్స్‌ప్లోజన్ (తను చస్తూ పేలే దెబ్బ) వృథా అవుతుంది. మూడో తరంలో ఎక్స్‌ప్లోజన్ మన రక్షణను సగం చేసి లెక్కిస్తుంది. దాడి నిండా పెట్టిన మెటాగ్రాస్ పేలితే ఈ సెట్ మీద 506–596. ఎన్ని ఈవీలు పెట్టినా బతకదు. ప్రొటెక్ట్ ఒక్కటే దారి.

విషం మనకే ఎక్కితే ఏం చేయాలో కూడా కొలిచాను. టాక్సిక్ మొదటి టర్న్‌లో 25, తర్వాత 50, 75, 100. లెఫ్టోవర్స్ 25 తీసేస్తే నికరంగా 0, 25, 50, 75. జీవిని బయటికి పంపితే ఈ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఒక్కో టర్న్ చొప్పున దింపి తీసేస్తే విషం ఖర్చు సున్నా, ముళ్లు లేకపోతేనే. మూడు టర్న్‌లు మొండిగా నిలబెడితే 75. నేను దశ 1లో నిలబెట్టేవాణ్ని.

ఈ 40 ఆటల్లో 24 గెలుపు, 16 ఓటమి. స్వాంపర్ట్‌ను దింపింది 128 సార్లు, ఆటకు 3.2.

మొత్తం ఇప్పటికి: 106 ఆటలు, 52 గెలుపు, 54 ఓటమి.

దశ 5: మూడు హెచ్చరికలు (ఆటలు 107–140)

సెట్ బాగుంది, టీమ్ బాగుంది, ఇంకా 16 ఓటములు ఎక్కడివి? మళ్లీ పుస్తకం. వాటిలో 9 ఆటల్లో ఒకటే కారణం: దిగేటప్పుడు హెచ్‌పీ ఎంత ఉందో చూడకుండా, అలవాటుగా దింపాను. లెక్కలన్నీ నిండు ప్రాణానికి వేసినవి. సగం ప్రాణంతో ఉన్న స్వాంపర్ట్ వేరే జీవి.

మా వైపు వరద కాలంలో అందరికీ మూడు అంకెలు నోటికి వచ్చి ఉంటాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. లంకల్లో వాళ్లు నీళ్లు గుమ్మంలోకి వచ్చాక ఆలోచించరు. ఏ అంకెకు పశువుల్ని గట్టు మీదికి తోలాలో, ఏ అంకెకు ఇల్లు వదలాలో ముందే అనుకుని ఉంటారు. స్వాంపర్ట్‌కూ అలాగే మూడు అంకెలు రాసి, పాక గుంజకు అంటించాను. షోడౌన్‌లో మన జీవి హెచ్‌పీ అసలు అంకెల్లోనే కనిపిస్తుంది కాబట్టి పోల్చుకోవడం తేలిక.

1. దిగాక హెచ్‌పీ 353 కంటే తక్కువ అవుతుందంటే, మొదటి హెచ్చరిక. హిడెన్ పవర్ గ్రాస్ ఉండే అవకాశం ఉన్న జాప్‌డోస్ ముందుకు ఇక దింపను. కరెంటు దెబ్బ అని ఎంత గట్టిగా అనిపించినా సరే.
2. 184 కంటే తక్కువైతే రెండోది. ఒక పొర మీద దిగితే 50, ఒక బాడీ స్లామ్ గరిష్ఠం 133, కలిపి 183. ఇక స్నోర్‌లాక్స్ ముందుకు దింపను. జిరాచీ విష్ వేసేదాకా బయటే.
3. 141 కంటే తక్కువైతే మూడోది. స్వాంపర్ట్ మీద సగమే తగిలే, మెటాగ్రాస్ కొట్టే మీటియోర్ మాష్ కూడా గరిష్ఠంగా 90, ముళ్లతో కలిపి 140. ఇక ఇది రక్షణ జీవి కాదు. విష్ అందే దారి లేకపోతే, ఇంకొకరిని క్షేమంగా దింపడానికి దీన్ని వదులుకుంటాను.

ముళ్లు రెండు పొరలైతే రెండో, మూడో అంకెలకు 17 కలపండి. మూడు పొరలైతే 51. మొదటి అంకె దిగిన తర్వాతిది కాబట్టి మారదు. కానీ రెండు పొరల మీద దిగితే నిండు ప్రాణం కూడా 337 అవుతుంది. అంటే రెండో పొర పడ్డ క్షణం నుంచి జాప్‌డోస్ ముందుకు ఈ సెట్‌ను పంపే ప్రసక్తి లేదు. మాగ్నెటన్‌ను ఆట మొదట్లోనే ఎందుకు వాడాలో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

మూడో హెచ్చరికను పాటించడం నాకు చాలా కష్టమైంది. ఇష్టంగా పెంచుకున్న జీవిని పోనివ్వడానికి చెయ్యి రాదు. 112వ ఆటలో 130 హెచ్‌పీతో ఉన్నదాన్ని దాచి దాచి ఉంచాను. దాని బదులు సాలమెన్స్‌ను పోగొట్టుకున్నాను, ఆట పోయింది. 119వ ఆటలో 96 హెచ్‌పీతో ఉన్నప్పుడు టైరానిటార్ రాక్ స్లైడ్‌కు వదిలేశాను. మాగ్నెటన్ నష్టం లేకుండా దిగింది, ఆట గెలిచాను.

34 ఆటల్లో 22 గెలుపు, 12 ఓటమి. దింపింది 85 సార్లు, ఆటకు 2.5. దశ 1లో 4.7 ఉండేది. స్వాంపర్ట్ పడిపోయింది 14 ఆటల్లో. జాప్‌డోస్ చేతిలో ఒక్కసారే, అదీ మోడెస్ట్.

మొత్తం ఇప్పటికి: 140 ఆటలు, 74 గెలుపు, 66 ఓటమి.

దశ 6: సెలెబీ (నడుస్తోంది)

దశ 5లో పడిపోయిన 14 సార్లలో 6 సార్లు సెలెబీ వల్లే. స్పెషల్ దాడిలో ఏమీ పెట్టని సెలెబీ కొట్టే గిగా డ్రెయిన్ అనే గడ్డి దెబ్బ కూడా ఈ సెట్ మీద 265–312 తీస్తుంది, తీసినదాంట్లో సగం తను తాగుతుంది. లీచ్ సీడ్ (ప్రాణం పీల్చే విత్తనం) పెడితే టర్న్‌కు 50 పోతుంది. నా ఐస్ బీమ్ దాని మీద 120–142, దాని హెచ్‌పీ 404 దాకా ఉంటుంది. టాక్సిక్ ఎక్కినా బయటికి వెళ్లగానే నేచురల్ క్యూర్ అనే దాని గుణంతో పోతుంది. ఈవీలతో తీరే సమస్య కాదు.

ఇప్పటికి అనుకున్నది:

1. నా స్వాంపర్ట్ ఎదురుగా సెలెబీ దిగిన టర్న్‌లోనే సాలమెన్స్‌ను దింపడం. దానికి గడ్డి దెబ్బ నాలుగో వంతే తగులుతుంది.
2. ఎదుటి టీమ్‌లో సెలెబీ ఉందని తెలిశాక, స్వాంపర్ట్ ఉన్నప్పుడు ఎర్త్‌క్వేక్ గుడ్డిగా కొట్టకపోవడం. సెలెబీకి అది సగమే తగులుతుంది, వాళ్లు ఎదురుచూసేది దానికోసమే. ఆ టర్న్‌లో ఐస్ బీమ్.

మొదటిది పై 140లోనే 9 ఆటల్లో ప్రయత్నించాను, 4 గెలిచాను. సాలమెన్స్ మీద లీచ్ సీడ్ పడి పోయిన ఆటలు రెండు. రెండోది ఇంకా మొదలుపెట్టలేదు. ఈ రాత్రి 141వ ఆటతో మొదలు. రెండో నంబర్ ఏరేటర్ బెల్ట్ వదులైంది, అది బిగించి వచ్చి కూర్చుంటాను.